జీప్ హార్డ్‌టాప్ తీయడం తేలికే, దాన్ని పెట్టుకునే చోటు దగ్గరే వచ్చింది గొడవంతా (నా అనుభవం)

మొన్న ఆదివారంతో ఈ తంతు మొత్తం అయిపోయింది. హార్డ్‌టాప్, అంటే బండి మీద నుంచి ఊడదీయగలిగే గట్టి పైకప్పు, ఇప్పుడు గరాజ్ సీలింగ్‌కి భద్రంగా వేలాడుతోంది. నా కోపం మాత్రం ఇంకా దిగలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా. మాది మిషిగన్, డెట్రాయిట్ పక్కన నోవై. బండి జీప్ రాంగ్లర్, నాలుగు డోర్ల జేఎల్ మోడల్. ఇక్కడ మంచు పోయి కాస్త వెచ్చబడేసరికే మే వచ్చేస్తుంది, మళ్లీ అక్టోబర్‌కల్లా చలి, మధ్యలో ఉన్న ఆ కొన్ని నెలలు కూడా పైకప్పు తీయకుండా తిరిగేట్టయితే ఆ బండి కొనడం దేనికి చెప్పండి. సిల్వర్ లేక్ ఇసుక దిబ్బల మీద టాప్ లేకుండా, ముందు ఆరెంజ్ జెండా కట్టుకుని, అవతల లేక్ మిషిగన్ కనిపిస్తుంటే ఎక్కుతున్నప్పుడు ఆ సుఖమే వేరు.

తీయడం గురించి అందరూ భయపెడతారు గానీ అంత సీన్ లేదు. ముందు సీట్ల మీదుండే రెండు ఫ్రీడమ్ ప్యానెల్స్ (విడిగా ఊడొచ్చే పైకప్పు ముక్కలు) లాకులు తిప్పి తీసేసి బ్యాగ్‌లో పెట్టేయాలి. తర్వాత బండితో వచ్చే టూల్ కిట్‌లోని టార్క్స్ బిట్‌తో (నక్షత్రం ఆకారం మొన ఉండేది) బోల్టులు విప్పాలి. వెనక ఎడమ మూలన వైరింగ్ ప్లగ్గు, వాషర్ నీళ్ల ట్యూబు ఉంటాయి, ఆ రెండూ ఊడదీయకుండా ఎత్తారంటే తెగినట్టే. చలికాలమంతా బిగుసుకుపోయిన రబ్బర్ సీల్ బాడీకి అతుక్కుని ఉంటుంది, స్క్రూడ్రైవర్ పెట్టి పెకలించకండి, లోపల నుంచి అరచేత్తో కొద్దికొద్దిగా పైకి నొక్కుకుంటూ పోతే పటక్కున వదులుతుంది. బోల్టులన్నీ ఒక జిప్‌లాక్ కవర్లో వేసి గ్లవ్ బాక్స్‌లో పడేయండి.

ఎత్తడానికి నలుగురు పెద్దవాళ్లు కావాలి, నాలుగు మూలలా ఒక్కొక్కరు. ఇది నా మాట కాదు, ఓనర్స్ మాన్యువల్‌లోనే ఉంది. 60 కిలోల పైమాటే, పైగా పెద్ద డొప్పలా ఉంటుంది, వెనక అద్దం కూడా దాంతోనే వస్తుంది. మా బావమరిది, ఇద్దరు ఆఫీస్ ఫ్రెండ్స్ ఫ్యామిలీలతో వచ్చారు, మా ఆవిడ బిర్యానీ చేసింది, ఎత్తడం రెండు నిమిషాల్లో అయిపోయింది. సీలింగ్‌కి కట్టే హాయిస్ట్ (బరువుని పైకి లాగి వేలాడదీసే సాధనం) ఆర్డర్ పెట్టాను, ఆ పార్సిల్ లేటయింది. అది వచ్చేదాకా ఇంటి పక్క గోడవారగా మందపాటి దుప్పట్లు పరిచి, దానిమీద పెట్టి, టార్పాలిన్ కప్పి, తాడుతో కట్టాం. రోడ్డు మీద నుంచి చూస్తే కనిపించదు కూడా.

అక్కడ మొదలైంది అసలు కథ. ఆ వారంలోనే హెచ్ఓఏ (మా కాలనీ ఇళ్ల ఓనర్ల సంఘం) నుంచి లెటర్. వయొలేషన్ అట, ఆరుబయట ఆటో పార్ట్స్, జంక్ నిలవ చేశామట, 50 డాలర్లు ఫైన్. లెటర్‌తో పాటు ఫోటోలు. ఒక ఫోటో మా ఏసీ యూనిట్ పక్కన నిలబడితే తప్ప రాదు, అంటే ఎవరో మా పెరటి సందులోకి వచ్చి తీశారన్నమాట. ఇంకో ఫోటోలో టాప్ ఎత్తిన రోజు మా ఇంటి ముందు ఆగిన ఫ్రెండ్స్ కార్లు. ఆ కార్లకీ దీనికీ ఏంటి సంబంధమో నాకు అప్పుడు అర్థం కాలేదు.

హెచ్ఓఏ పనులు చూసే మేనేజ్‌మెంట్ కంపెనీకి ఫోన్ చేస్తే అవతలావిడ చెప్పేది విననే విన్లేదు, హియరింగ్‌కి రండి అంది. క్లబ్‌హౌస్‌లో మీటింగ్. బోర్డు వాళ్లు ఒకవైపు టేబుల్ వెనక, నేనూ మా ఆవిడా ఎదురుగా రెండు మడత కుర్చీల్లో. మొదటి ప్రశ్నే, ఇంటి దగ్గర రిపేర్ బిజినెస్ నడుపుతున్నారా అని. లేదండీ, ఇది నా సొంత బండి టాప్ అంటే, రెండో ప్రశ్న, మీ ఇంట్లో ఎంతమంది ఉంటారు? అప్పుడు తెలిసింది ఆ కార్ల ఫోటో దేనికో. మా ఆవిడ ముఖం ఎర్రబడిపోయింది. ఏళ్ల తరబడి ఒక్క రోజు లేటు లేకుండా ఫీజు కడుతున్న మనిషిని, ఇంటికి చుట్టాలొస్తే లెక్క చెప్పమంటారా? అదే వీధిలో ఒకాయన బోటు కవర్ కప్పుకుని డ్రైవ్‌వేలో నెలల తరబడి కూర్చుంటుంది, దానికి లెటరూ లేదు, ఫోటోలూ లేవు.

నేను గొంతు పెంచలేదు. మాన్యువల్‌లో ఆ పేజీ ప్రింట్ తీసుకెళ్లాను, నలుగురు పట్టుకోవాలన్న వాక్యానికి పసుపు మార్కర్ గీసి టేబుల్ మీద పెట్టాను. హాయిస్ట్ ఆర్డర్ రసీదు, డెలివరీ లేటని వచ్చిన మెయిల్ కూడా పెట్టాను. ఆ తర్వాత బైలాస్ (సంఘం నియమాల పుస్తకం) తెరిచి, మా ఫెన్స్ లోపలికి ఫోటో తీయడానికి రావచ్చని ఎక్కడుందో చూపించమన్నాను. ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఫైన్ కొట్టేశారు, పది రోజుల్లో లోపల పెట్టమన్నారు. సారీ అన్న మాట మాత్రం ఒక్కరి నోట్లోంచి రాలేదు. మనవాళ్లకి నేను చెప్పేది ఒకటే, లెటర్ వస్తే గొడవెందుకులే అని ఫైన్ కట్టి ఊరుకోకండి. మనం తల వంచుకుని పోతుంటేనే వాళ్లకి అలుసు. కాయితాలు పట్టుకుని వెళ్లి కూర్చోండి.

పక్కింటి పెద్దాయన మాత్రం దేవుడు. టోలెడోలో, రాంగ్లర్లు తయారయ్యే ఊళ్లోనే, చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. సంగతి తెలిసి, తన గరాజ్‌లో ఒక మూల ఖాళీ చేసి, హాయిస్ట్ వచ్చేదాకా అక్కడ పెట్టుకోమన్నాడు. బిగించేటప్పుడు నిచ్చెన పట్టుకున్నదీ ఆయనే.

హాయిస్ట్ సంగతి. డ్రైవాల్‌కి (సీలింగ్‌కి వేసే పలుచటి జిప్సం బోర్డు) యాంకర్లు వేసి వేలాడదీయడం ప్రాణం మీదకి తెచ్చుకోవడమే, కచ్చితంగా జాయిస్ట్ (సీలింగ్‌ని మోసే దూలం) కలపలోకే లాగ్ బోల్ట్ (కలపలోకి దిగే లావుపాటి మర మేకు) దిగాలి. జాయిస్టులు సాధారణంగా 16 అంగుళాలకో 24 అంగుళాలకో ఒకటి ఉంటాయి, హాయిస్ట్ కన్నాలు వాటికి సరిపోవు. అందుకని రెండు బై ఆరు అంగుళాల చెక్క పలకలు అడ్డంగా మూడు నాలుగు జాయిస్టుల మీదుగా బిగించి, పలకలకి హాయిస్ట్ కట్టాం, బరువు ఒక్కచోట పడకుండా పంచుకుంటుంది. మీ గరాజ్ పైన ఉన్నవి దూలాలు కాక ట్రస్సులైతే (కప్పుని మోసే త్రికోణపు కలప చట్రాలు) తెలిసినవాళ్లకి చూపించకుండా ముట్టుకోవద్దు.

ఎవరూ చెప్పనిది ఇంకోటుంది. గరాజ్ తలుపు తెరిస్తే ఆ తలుపు మొత్తం సీలింగ్ కింద పడుకుంటుంది. బండి ముందుకు పెట్టి పార్క్ చేస్తే హార్డ్‌టాప్ సరిగ్గా ఆ తలుపు కిందకే వస్తుంది, పైకి లేవదు. బండిని రివర్స్‌లో లోపలికి తీసుకెళ్లాలి, అప్పుడు టాప్ వెనక గోడ వైపుంటుంది, తలుపుకీ దాని పట్టాలకీ తగలదు. టేప్ పట్టుకుని ఈ కొలతలు తీసుకున్నాకే హాయిస్ట్ కొనండి.

వేలాడదీసే ముందు రబ్బర్ సీల్స్ తుడిచి సిలికాన్ లూబ్రికెంట్ రాయండి, వైరింగ్ ప్లగ్గుకి కవర్ చుట్టండి, ఇక్కడి గరాజుల్లో ఎలకలు వైర్లు కొరుకుతాయి. అద్దం మీద ఏ పట్టీ బరువూ పడకూడదు. కింద పెట్టాల్సొచ్చినా అద్దం మీద ఆనించొద్దు.

అక్టోబర్‌లో చలి ముదరకముందే మళ్లీ దించేయండి, గడ్డకట్టిన సీల్ సరిగ్గా కూర్చోదు, నీళ్లు కారతాయి. దించాక ముందు ప్లగ్గు, ట్యూబు తగిలించి వైపర్ ఆడుతుందో లేదో చూసుకుని, బోల్టులన్నీ చేత్తో పట్టించాకే రాట్చెట్ వాడండి, అదీ సుతారంగా, లేకపోతే మరలు అరిగిపోతాయి.