బీలలో బొమ్మిడాయిలు

శ్రీకాకుళం జిల్లా సోంపేట స్టేషన్ ఉన్నది కంచిలిలో. ఈ సంగతి తెలిసినవాళ్లకు కూడా అక్కడి నుంచి సోంపేట ఊళ్లోకి ఒక ఆటో, ఊళ్లోంచి బీల అనే చిత్తడి నేల గట్టుకు మరో ఆటో తప్పవు. రెండో ఆటో అబ్బాయి రానూపోనూ మూడొందల యాభై అన్నాడు. ఆ దూరానికి అది చాలా ఎక్కువ. అలాగని బస్సు కోసం నిలబడితే మధ్యాహ్నం దాటిపోతుంది. చిరాకుగానే ఎక్కాను.

ఆ చిరాకు గొల్లగండి దాటేదాకానే. కార్తీకమాసం, వానలు వెనకబట్టి ఎన్నో రోజులు కాలేదు. గట్టు ఎక్కేసరికి ఎదురుగా కనుచూపు మేరా నీళ్లు, జమ్ము, తామరాకులు, మధ్యమధ్య పచ్చటి వరి మడులు. పడమట కొండల మీద కురిసిన వాన ఇక్కడికి చేరి నిలిచి, మెల్లగా సముద్రం వైపు సాగుతుంది. ఎండాకాలంలో కూడా నేల పూర్తిగా ఆరదట. చుట్టుపక్కల ఊళ్లకు సాగునీరు, పశువులకు మేత, జాలర్లకు చేపలు, ఊరి నూతుల్లో ఊట, అన్నీ ఈ బీల చలవే.

ఈ నేలను ప్రభుత్వ కాగితాలు పనికిరాని భూమిగా లెక్కకట్టాయి. ఇక్కడే 2640 మెగావాట్ల థర్మల్ ప్లాంటు కట్టడానికి నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి 2008లో భూమి కేటాయించారు. ఈ విషయాలన్నీ నేను అప్పట్లో పేపర్లో చదివినవే. చదివినప్పుడు ఎక్కడో బీడు భూమి మీద తగువనుకున్నాను. గట్టు మీద నిలబడ్డాక మాత్రం ఒళ్లు మండింది. దీన్ని చూసి బీడని రాయడానికి చెయ్యెలా వచ్చింది?

మోకాలి లోతు నీళ్లలో ఒక పెద్దావిడ ఊత, అంటే చేపలు పట్టే బుట్ట, పట్టుకుని నడుస్తోంది. నాలుగడుగులు వేసి, ఊతను బురదలోకి గట్టిగా నొక్కి, పైనున్న మూతిలోంచి భుజం దాకా చెయ్యి పెట్టి లోపలంతా తడుముతోంది. చాలాసార్లు చెయ్యి ఖాళీగానే వచ్చింది. ఒకసారి మాత్రం సన్నగా, నిగనిగలాడుతూ మెలికలు తిరుగుతున్న చేపను పైకి తీసి నడుముకు కట్టుకున్న బుట్టలో వేసింది.

"ఏం చేపమ్మా అది?" అన్నాను.

"బొమ్మిడాయి బాబూ. నువ్వే ఊరు?"

చెప్పాను. ప్లాంటు గొడవ గురించి అడుగుదామని వచ్చానని కూడా చెప్పాను. ఆవిడ గట్టు మీదికొచ్చి చీర కుచ్చెళ్లు పిండుకుంటూ కూర్చుంది.

"ఇది బంజరని రాసీసినారు బాబూ. బంజర్లో బొమ్మిడాయిలు దొరుకుతాయా? నువ్వే సెప్పు."

2010 జులై 14 నాటి ఉదయం గురించి ఆవిడ ఎక్కువ చెప్పలేదు. పనులు మొదలుపెట్టడానికి కంపెనీ మనుషులు, పోలీసులు వచ్చారు. ఊళ్లకు ఊళ్లు బీలలోకి దిగాయి. ఆడవాళ్లే ముందున్నారు. లాఠీలు, ఆ తర్వాత తుపాకులు. ఇద్దరు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలేట్ అథారిటీ ఈ ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఈ రెండూ ఒకే తేదీన జరిగాయన్నది ఎప్పుడు తలుచుకున్నా నాకు మింగుడు పడదు. ఒక్క రోజు ఆగి ఉంటే ఆ ఇద్దరూ ఉండేవాళ్లు కదా!

ఆ తర్వాతి ఏడాదే, ఫిబ్రవరి 28న, ఇదే జిల్లా కాకరాపల్లిలో మరో థర్మల్ ప్లాంటు కోసం మళ్లీ కాల్పులు జరిగాయి. అక్కడా ఇలా నీళ్లు నిలిచే తంపర భూములే, అక్కడా ప్రాణాలు పోయాయి.

"కరెంటు వద్దా అమ్మా మరి?" అని అడగాలనిపించింది. అడగలేదు. మా అమ్మమ్మ వాళ్ల ఊరి దగ్గర థర్మల్ ప్లాంటు ఉంది. వేసవిలో గాలి లేస్తే డాబా మీద ఆరేసిన బట్టలు దులిపి మరీ తీయాలి, ఒడియాల మీద పాత చీర కప్పాలి. చిన్నప్పుడు మేం చేపలు పట్టిన చెరువు గట్టుకు ఇప్పుడు ఎవరూ వెళ్లరు. ఆ ఊళ్లో ఎవరూ ఎదురు తిరగలేదు, ఉద్యోగాలొస్తాయని అందరూ సంతోషించారు. వచ్చిన ఉద్యోగాలు ఎక్కువగా కాంట్రాక్టు కూలి పనులు. అందుకే ఆ ప్రశ్న నా నోట రాలేదు.

బారువలో మధ్యాహ్నం తిన్న భోజనం, సముద్రం అన్నీ బాగానే ఉన్నాయి, కానీ మనసు వాటి మీద లేదు.

తిరుగు ప్యాసింజర్‌లో మందస రోడ్డు స్టేషన్ దగ్గర నా ఎదురు సీట్లోకి ఒకాయన వచ్చి కూర్చున్నాడు. ఉద్దానం రైతు. మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కార్గో ఎయిర్‌పోర్టు వస్తుందంటున్నారు కదా, అక్కడి వాళ్లు వద్దంటున్నారు కదా, ఏమనుకుంటున్నారని అడిగాను. తిత్లీ తుపానుకు కొబ్బరి చెట్లన్నీ పోతే మళ్లీ మొక్క నుంచి పెంచుకున్నామని, ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయని చెప్పాడు. బీల చూసి వస్తున్నానంటే కాసేపు నా మొహంకేసి చూశాడు.

"నాకు రెండెకరాల జీడితోట ఉంది బాబూ. ఆళ్ల కాగితంలో దాన్ని ఏటని రాసుకున్నారో ముందు అది సూడాల" అన్నాడు. మర్నాడే తహసీల్దారు ఆఫీసుకు వెళ్తానన్నాడు.