కొండవీటి కింద, మిరప కల్లం పక్కన రెండు టెంట్లు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. పోయేది పగటి చలి. శివరాత్రి వెళ్లిన వారం విజయవాడలో మధ్యాహ్నం 33 డిగ్రీలు ఉంటే, అదే రోజు తెల్లవారుజామున ఊరి బయట పొలాల్లో 20 కిందికి దిగుతుంది. టెంట్ కొత్తగా కొన్నవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఈ రోజుల్లోనే. డిసెంబరైతే ఎవరైనా రగ్గులు మోసుకెళతారు. ఇప్పుడు మధ్యాహ్నపు ఎండ చూసి ఒక పల్చటి దుప్పటి చాలనుకుంటారు.

ఈసారి నాతో మా అక్క కొడుకు, వాడి స్నేహితుడు వచ్చారు. ఇద్దరికీ ఇదే మొదటి టెంట్ రాత్రి. తిరునాళ్ల రోజు నరసరావుపేట దారి కోటప్పకొండకు పోయే జనంతో కిక్కిరిసి ఉంటుంది, మూటలతో బస్సు ఎక్కలేం. అందుకని వారం ఆగి బయల్దేరాం. విజయవాడ బస్టాండు నుంచి గుంటూరు, అక్కడ నరసరావుపేట బస్సెక్కి ఫిరంగిపురంలో దిగాం. అక్కణ్ణుంచి కొండవీడు ఊరి దాకా ఆటోకు నాలుగు వందలు అడిగాడు. ముగ్గురికీ విజయవాడ నుంచి బస్సు ఛార్జీలన్నీ కలిపినా అంత కాలేదు. మూటలు చూసి చెప్పిన రేటని తెలుస్తూనే ఉంది, అయినా ఎండలో బేరమాడే ఓపిక లేక ఎక్కాం.

కోట సంగతి ఇక్కడ రాయను. రెడ్డిరాజుల రాజధాని, 1515లో కృష్ణదేవరాయలు గెలుచుకున్న దుర్గం, ఘాట్ రోడ్డులో పైకెళ్లి చూసి సాయంత్రానికి దిగిపోవచ్చు. టెంట్ మాత్రం కొండమీద వేయకూడదు. అది రక్షిత కట్టడం, చుట్టూ అడవి, ఈ రోజుల్లో గడ్డి ఎండి అగ్గిపుల్లకే అంటుకునేలా ఉంటుంది. మేము కింద తెలిసినవాళ్ల చేలో, అడిగి వేసుకున్నాం. పక్కనే వాళ్ల మిరప కల్లం, నేలంతా ఎర్రగా పరిచిన కాయలు.

స్థలం ఎంచుకోవటానికే మాకు ముప్పావు గంట పట్టింది. ఆ సమయం దండగ కాదు. పిల్లలిద్దరి కళ్లూ ముందు మామిడి చెట్టు మీద పడ్డాయి. ఫిబ్రవరిలో మామిడి పూత మీద ఉంటుంది. పూతకు తేనెమంచు పురుగు పడితే చెట్టు కింద ఉన్నదాని మీదల్లా జిగురు రాలుతుంది. టెంట్ గుడ్డకు అంటిందంటే ఒట్టి నీళ్లతో పోదు, దాని మీద మసి పడుతుంది. తాటిచెట్టు కింద అసలు వద్దు, ఎండిన మట్ట ఎప్పుడు ఊడిపడుతుందో చెప్పలేం. కాలవ గట్టు పక్కన చల్లగా హాయిగా అనిపిస్తుంది గానీ చల్లగాలి బరువు, రాత్రి పల్లానికి దిగి అక్కడే కూర్చుంటుంది. గట్టుమీద పొడి గుడ్డకూ పల్లంలో తడి గుడ్డకూ మనిషెత్తు తేడా చాలు. గడ్డివామి దగ్గర వేస్తే గాలి ఆగుతుంది నిజమే, కానీ వామి ఉన్నచోట ఎలుకలు, ఎలుకలున్నచోట పాములు. చివరికి కాస్త మెరక మీద, వేపచెట్టుకు తూర్పున వేశాం. పొద్దున్నే ఎండ తగలాలి, రాత్రి పైన కొంత ఆకు అడ్డం ఉండాలి. చెట్టులో ఎండుకొమ్మ లేదని టార్చి వేసి చూసుకున్నాం. కల్లానికి గాలి ఎదురువైపు ఉండటం ముఖ్యం. గాలి కల్లం మీదుగా మనవైపు వీస్తే మిరప ఘాటు దోమతెరలోంచి దూరి రాత్రంతా తుమ్ములే.

టెంట్ కింద పరిచే పట్టా విషయంలో దాదాపు అందరూ ఒకే తప్పు చేస్తారు. పట్టా పెద్దదైతే మంచిదనుకుని టెంట్ అంచులు దాటించి పరుస్తారు. పైగుడ్డ, అంటే టెంట్ మీద విడిగా కప్పే గుడ్డ, మీద పట్టిన మంచు కారి ఆ అంచుమీద పడుతుంది, అక్కణ్ణుంచి పట్టాకూ టెంట్ అడుగుకూ మధ్యకు పాకుతుంది. తెల్లారేసరికి నీటి మడుగు మీద పడుకున్నట్టే. పట్టా నాలుగువైపులా టెంట్ కన్నా ఐదు సెంటీమీటర్లు చిన్నదిగా ఉండాలి. పెద్దదైతే అంచులు కిందికి మడవాలి.

నల్లరేగడి ఈ నెలల్లో నెర్రెలిచ్చి ఉంటుంది. నెర్రెలో మేకు నిలవదు, గడ్డలో దిగదు. టెంట్‌తో వచ్చే సన్నటి తీగ మేకులు రెండు దెబ్బలకు వంకర పోతాయి. ఇనుప సామాన్ల కొట్లో 20–25 సెంటీమీటర్ల మేకులు ఓ డజను కొని పెట్టుకోవాలి. మేకు తల టెంట్‌కు దూరంగా వాలేట్టు, 45 డిగ్రీల ఏటవాలుగా కొట్టాలి. దిగనిచోట తాడును జానెడు కర్రకు కట్టి, కర్రను నేలమీద అడ్డంగా పెట్టి, కర్రకు ముందు టెంట్ వైపున రెండు పెద్ద రాళ్లు పేర్చాలి. గాలి తాడును లాగితే కర్ర వచ్చి రాళ్లకు ఆనుకుంటుంది.

చీకటి పడే ముందు ఆ ఇంటాయన, ఆవిడ కల్లంలో కాయలన్నీ కుప్ప పోసి పట్టా కప్పారు. మావాడు అడిగాడు, "వానేం లేదుగా బాబాయ్, ఎందుకు కప్పటం?"

"మంచు పడిద్దిరా అబ్బాయ్. తడిస్తే కాయ తాలయిపోద్ది. పొద్దున కూడా మంచు ఆరిందాకా తియ్యం. ఎండ వచ్చినాక తీసి పలచగా నెరుపుతాం."

తర్వాత ఆయన కాపలాకు నులక మంచం వేసుకున్నాడు. నేలమీద పడుకునే పనిలేదు ఆయనకు. మా టెంట్ల చుట్టూ తిరిగి లోపల చెయ్యి పెట్టి చూసి, "కిందేం ఏసుకున్నారు?" అన్నాడు. మొదట అడగాల్సిన ప్రశ్న అదే. మీద ఎన్ని కప్పుకున్నా, ఒంటి బరువుకు అణిగిన దుప్పటి ఆ వైపు పనిచేయదు. ఒంటి వేడిని నేల రాత్రంతా లాగేస్తుంది. గాలి పరుపు మెత్తగా ఉంటుంది గానీ లోపలి గాలి అటూఇటూ కదిలి వేడిని కిందికి చేరుస్తుంది, దానిమీద వణికేవాళ్లను చాలామందిని చూశాను. పది మిల్లీమీటర్ల ఫోమ్ చాప దానికన్నా చవక, దానికన్నా వెచ్చన. ఇంకా కావాలంటే పట్టా కింద జానెడు మందం ఎండు వరిగడ్డి, ముందు బాగా దులిపి. ఆయన మాకు రెండు మోపులు ఇచ్చాడు. డబ్బు తీసుకోమంటే నొచ్చుకున్నాడు. నది ఒడ్డున తయారుగా వేసిన టెంట్‌లో రాత్రికి మనిషికి పదిహేను వందలు తీసుకున్న చోట కింద పల్చటి ప్లాస్టిక్ చాప ఒక్కటే ఉండటం నాకప్పుడు గుర్తొచ్చింది.

రాత్రి పడుకునేముందు నా టెంట్‌లో పైన గాలి కిటికీలు తెరిచి, తలుపు జిప్పు పైభాగంలో నాలుగు వేళ్లు సందు వదిలాను. దోమతెర మాత్రం పూర్తిగా మూశాను. పిల్లలకూ అదే చెప్పాను. పదకొండింటికి చలనిపించి వాళ్లు అన్నీ మూసేశారు. ఐదింటికి మావాడు వచ్చి, "మామయ్యా, వాన పడిందా? టెంట్ కారుతోంది" అన్నాడు.

వాన లేదు, చుక్కలు కనపడుతున్నాయి. ఒక మనిషి ఊపిరి, చెమట కలిసి రాత్రికి పావు లీటరుకు అటూఇటూ నీరు వదులుతుంది. ఇద్దరైతే అర లీటరు. మబ్బులేని రాత్రి పైగుడ్డ ఆకాశంకేసి తన వేడి వదిలేసి చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. బయట మంచు పట్టేదీ అందుకే, లోపల ఊపిరి నీరయ్యేదీ అందుకే. పోవటానికి దారి లేకపోతే అది గుడ్డకు పట్టి, చిన్న కుదుపుకే మొహం మీద రాలుతుంది. పైగుడ్డ వదులై లోపలి గుడ్డకు తగిలినచోట ఇంకా ఎక్కువ. నైలాన్ గుడ్డ తడిస్తే సాగుతుంది కాబట్టి రాత్రి పదింటికి ఒకసారి తాళ్లన్నీ బిగించాలి. మొహం దుప్పట్లో ముసుగు పెట్టినా ఇదే గొడవ, ఊపిరి తగిలి దుప్పటి తడుస్తుంది. తలకు మఫ్లర్ కట్టుకుని ముక్కు బయట పెట్టాలి. పగలు చెమట పట్టిన బనియన్‌తో పడుకోకూడదు, పొడిది ఒకటి విడిగా కవర్లో ఉంచుకోవాలి. తెల్లవారుజామే అన్నిటికన్నా చలి, మేజోళ్లు అప్పటికి చేతికందేలా ఉండాలి.

ఒక్కటి గట్టిగా చెప్పాలి. చలేసిందని టెంట్‌లోకి నిప్పుల కుంపటి గానీ గ్యాస్ పొయ్యి గానీ తీసుకెళ్లవద్దు. మూసిన గుడ్డలో కార్బన్ మోనాక్సైడ్ చేరితే వాసన ఉండదు, మగత వస్తుంది, లేవరు. మేము వంట టెంట్లకు పదడుగుల అవతల, గడ్డి చెక్కి నేల కనపడేలా చేసి, పక్కన బిందెడు నీళ్లు పెట్టుకుని చేశాం.

ఏడున్నరకు ఎండ వచ్చింది. ముందు పొడి తువ్వాలుతో లోపల, తర్వాత బయట తుడిచి, పైగుడ్డ తీసి తిరగేసి వేపకొమ్మ మీద వేశాం. తొమ్మిదికల్లా లోపల కూర్చోలేనంత వేడి. బూట్లు దులిపి వేసుకున్నాం, ఒకదాంట్లోంచి జెర్రి పడింది. కల్లంలో పట్టా ఇంకా తీయలేదు. ఆయన అంచు ఎత్తి, అరచెయ్యి లోపల పెట్టి చూసి, "ఇంకాసేపు" అని మళ్లీ దించాడు. పిల్లలిద్దరూ తమ టెంట్ అడుగుభాగం తడి ఆరకుండానే చుట్టబోతుంటే అది చూసి ఆగారు. మళ్లీ విప్పి పరిచారు. గుంటూరు బస్సు ఒకటి పోయింది, తర్వాతది పదకొండింటికి దొరికింది.