చంక కింద అతుకు

బుధవారం, రాత్రి పదకొండు దాటింది.

శ్రావణమాసం అంటే మా టైలర్లకి పండగ కాదు, పరీక్షలు. వరలక్ష్మీ వ్రతం జాకెట్లు ఒక సంచిలో, పెళ్లిళ్ల జాకెట్లు ఇంకో సంచిలో, "అర్జెంటు కాదమ్మా, నెమ్మదిగా ఇవ్వు" అని చెప్పి మర్నాడే ఫోన్ చేసేవాళ్ల బట్టలు మిషను కింద. నడుం పట్టేసింది, అయినా ఈ రోజు సంగతి రాసుకోకుండా పడుకోబుద్ధి కావడం లేదు.

మా వెనక వీధి ఆంటీగారి రెండో అమ్మాయి పెళ్లి ఆదివారం. ఆవిడ తనకోసం కొనుక్కున్న ఉప్పాడ జాందానీ చీర జాకెట్టు ముక్క నిన్ననే తెచ్చారు గానీ, మంగళవారం కొత్త బట్ట మీద కత్తెర పెట్టకూడదని, ఈ రోజు పొద్దున్నే మొదలుపెట్టమని మరీ మరీ చెప్పి వెళ్లారు. పిఠాపురంలో ఉండి ఉప్పాడ చీర గురించి ఎవరైనా ఎవరికైనా చెప్పాలా, కానీ ఆంటీ చెబుతారు. 2009లోనే దానికి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చిందని, మగ్గం మీద ఇద్దరు కూర్చుని పువ్వు పువ్వుకీ చేత్తో పోగు పెడుతూ వారాల తరబడి నేస్తారని, తిరగేసి చూసినా వెనకవైపు ఒక్క దారం వేలాడదని. ఆవిడ చెప్పేదాంట్లో అబద్ధం ఏమీ లేదు. అదే నా టెన్షను. అంత కష్టపడి నేసినదాన్ని నేను ఒక్క కత్తెర వేటుతో రెండు చేస్తాను, మళ్లీ అతకడానికి ఉండదు.

లైనింగ్‌కి టూ బై టూ గుడ్డ రాత్రే నీళ్లలో జాడించి ఆరేశాను కాబట్టి పొద్దున ఇస్త్రీ చేసి, ఆంటీగారి ఆది జాకెట్టు పక్కన పెట్టుకుని లెక్క మొదలుపెట్టాను. చీరలోంచి వచ్చే జాకెట్టు ముక్క మామూలుగా ఎనభై సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు. అంచు ఆ పొడవునే ఉంటుంది. ఒకవైపు పెద్దంచు, రెండోవైపు చిన్నంచు. ఆవిడకి మోచేతి దాకా చేతులు కావాలి, రెండు చేతులకీ పెద్దంచే రావాలి, చిన్నంచు వీపు కింద రావాలి. ఆవిడ ఛాతీ నలభై, చెయ్యి లావు పద్నాలుగు. లూజు ఒక అంగుళం, కుట్టు లోపలికి అటొకటి ఇటొకటి. మొత్తం పదిహేడు. రెండు చేతులకి ముప్పై నాలుగు. ఉన్నది ముప్పై ఒకటిన్నర.

ఒక్కో చేతికి ఇంచుంపావు తక్కువ. చేతి అడుగున, అంచు ఉన్నచోట వెడల్పు తక్కువే కాబట్టి అక్కడ సరిపోతుంది. పైన చంక దగ్గరే, మూల దగ్గరే, బట్ట లేదు.

ఇలాంటప్పుడు నేను చేసే పని ఒకటుంది. సుద్దగీతలు గీసి, ఫోటో తీసి, మాస్టారికి వాట్సాప్‌లో పెట్టి, నీలం టిక్కులు పడేదాకా ఇంకో జాకెట్టుకి హుక్కులు వేసుకుంటూ కూర్చోవడం. మాస్టారంటే నాకు పని నేర్పినాయన. ఆయన షాపులో గీత గీయడం వరకే మా వంతు, కత్తెర తీస్తే చాలు "ఆగమ్మా" అని వచ్చి చూసేవారు. ఆ "ఆగమ్మా" నా చెవిలో ఎంతగా ఉండిపోయిందంటే, సొంత షాపు పెట్టుకుని ఇన్నాళ్లయినా ఖరీదైన బట్ట మీద కత్తెర ఆనించగానే వెనకనుంచి ఎవరో ఆపినట్టే ఉంటుంది.

కత్తెర ఒక్కటేనా, బోర్డుకి ఏ రంగు వేయించాలో కూడా వీధిలో అందరినీ అడిగాను. ఒకరు ఎరుపన్నారు, ఒకరు పచ్చన్నారు, మా ఆయన "ఏదైనా ఒకటే" అన్నారు, చివరికి పెయింటరు తన దగ్గర మిగిలిన నీలం వేసిపోయాడు. పాపని ఏ స్కూల్లో వెయ్యాలి, పాత మిషను అమ్మేసి మోటారుది కొనాలా వద్దా, అన్నీ ఇంతే. నలుగురినీ అడిగితే మంచిదంటారు గానీ, నేనెందుకు అడుగుతానో నాకు తెలుసు. రేపు ఏదైనా తేడా వస్తే "ఫలానావాళ్లు చెప్పారండీ" అనడానికి ఒక పేరు చేతిలో ఉండాలి. సలహా కోసం కాదు, సాక్షి కోసం.

ఈ రోజు కూడా ఫోటో తీశాను. కింద ప్రశ్న టైపు చేయడం మొదలుపెట్టాను. "మాస్టారూ, చేతికి బట్ట ఇంచుంపావు తగ్గింది, ఏం చేయమంటారు" అని రాసి ఆగాను, ఎందుకంటే ఆయన ఏమంటారో తెలుసు. కుట్టు లోపలికి వదిలేది తగ్గించెయ్యమంటారు. పెళ్లి బట్టకి అతుకు వేయడం ఆయనకి అస్సలు గిట్టదు. మరి ఎందుకు తగ్గించకూడదో కూడా రాయాలి కదా అని రాయడం మొదలుపెట్టాను.

ఆంటీగారి ఆది జాకెట్టు తిరగేసి చూస్తే చంక కింద కుట్టు రెండుసార్లు విప్పి వదులు చేసినట్టు తెలుస్తోంది, పాత కుట్టు ఉన్నచోట సూది చిల్లులు రెండు వరసలు కనిపిస్తున్నాయి, ఇంక వదలడానికి లోపల ఏమీ లేదు, అక్కడే పోగులు విడిపోతున్నాయి. నిన్న కొలత తీసుకున్నప్పుడు కుడిచెయ్యి పైకెత్తమంటే ఆవిడ ముందు చేతిని కిందికి లాక్కుని, ఆ తర్వాతే ఎత్తారు. అంటే అలవాటుగా అక్కడ పట్టేస్తోందన్నమాట. పెళ్లికూతురి తల్లి, మండపంలో రోజంతా అక్షింతలు అందుకోవాలి, తలంబ్రాల పళ్లెం ఎత్తాలి, పైనున్న సామాన్లు దింపాలి. కుట్టు లోపల బట్ట తగ్గిస్తే ఆదివారం సాయంత్రానికల్లా చిరుగుతుంది. ఒక చేతిని చిన్నంచు వైపు వేద్దామా అంటే రెండు చేతులకి రెండు అంచులవుతాయి.

ఇదంతా రాసేసరికి మెసేజ్ స్క్రీన్ దాటి పోయింది. తిరిగి చదువుకున్నాను. అడగడానికి అందులో ప్రశ్న ఏదీ మిగల్లేదు. చంక కింద, చేతికి వెనకవైపు మూలకి, ఒక చిన్న అతుకు వెయ్యాలి. మెడ తీసిన ముక్కలోంచి ఆ బట్ట వస్తుంది. జాందానీ రెండువైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి ముక్కని ఎటు తిప్పి వేసుకున్నా ఇబ్బంది లేదు, పోగు వాటం ఒక్కటి చూసుకుంటే చాలు.

పంపలేదు. పైకి స్క్రోల్ చేస్తూ మాస్టారికి ఇన్నాళ్లూ పెట్టినవన్నీ చూశాను. ఫోటో, నా ప్రశ్న, ఆయన జవాబు "కానియ్". మళ్లీ ఫోటో, ప్రశ్న, "కానియ్". ఎంత పైకి వెళ్లినా దాదాపు అదే. ఎక్కడో ఒకచోట ఆయన భుజం అరంగుళం తగ్గించమన్నారు, ఆ జాకెట్టు నాకు బాగా గుర్తు. ట్రయల్లో పట్టేస్తే మళ్లీ నేను మొదట గీసిన గీతకే వదిలాను. ఆయన తప్పు కాదది, ఆయన పనితనానికి నేను ఈ రోజుకీ దండం పెడతాను. కానీ ఆయన చూసింది ఫోటోని. ఆ మనిషి ఒక భుజం కాస్త దించి నిలబడుతుందని ఫోటోలో ఎలా తెలుస్తుంది? టేపు పట్టుకుని ఆవిడ ముందు నిలబడింది నేను. నాకంటే ఎక్కువ పని వచ్చినాయన నాకంటే తక్కువ చూసి చెప్పే మాట కోసం, నేను చూసింది పక్కన పెట్టి కూర్చున్నాను, ఇన్నాళ్లూ.

అలాగని ఎవరినీ ఏమీ అడగనని కాదు. మగ్గం వర్కు జాకెట్టు వస్తే మెడ చుట్టూ ఎంత వదలాలో ఆ పని చేసే అబ్బాయినే అడుగుతాను, అది నాకు రాదు కాబట్టి. రానిది అడగడం వేరు, వచ్చినదాన్ని ఇంకొకరి నోటితో వినాలనుకోవడం వేరు. రెండోది మర్యాదలాగా కనిపిస్తుంది, అందుకే పట్టుకోవడం కష్టం.

నా దగ్గర పని నేర్చుకుంటున్న చిన్నది అంతసేపూ కాజాలు కుడుతూ నన్నే చూస్తోంది.

"అక్కా, మాస్టారు ఏమన్నారు?"

"అడగలేదే."

"మరి?"

"కత్తెర ఇలా తే."

అన్నానే గానీ, వెంటనే కోసేయలేదు. మంచినీళ్లు తాగాను. మళ్లీ టేపు పెట్టి కొలిచాను. ముందు పాత న్యూస్ పేపరు మీద అతుకుతో సహా చెయ్యి గీసి, కత్తిరించి, మడిచి చూసుకున్నాను, అతుకు చంక కిందికి పోయి దాక్కుంది. ధైర్యం వచ్చాక పని చేద్దాం అనుకుంటే సాయంత్రం దాకా వచ్చేది కాదు. గుండె దడగానే ఉంది, చెయ్యి మాత్రం వణకలేదు, కోశాను.

అయితే కోసేముందు ఆంటీకి ఫోన్ చేశాను, ఆ మాట రాయకపోతే అబద్ధమవుతుంది. వాళ్ల బట్ట, వాళ్లకి తెలియాలి. మునుపైతే "ఆంటీ, బట్ట తగ్గిందండీ, ఏం చేయమంటారు?" అని అడిగేదాన్ని, ఆవిడ కంగారుపడి వాళ్ల వదినగారిని అడిగేవారు, ఆవిడ చేతులు పొట్టివి పెట్టమనేది, పెళ్లిలో ఆంటీ ఇష్టం లేని జాకెట్టు తొడుక్కుని తిరిగేవారు. ఈసారి ఏం చేయబోతున్నానో, ఎందుకో చెప్పాను.

"అతుకా? పెళ్లి జాకెట్టుకి అతుకేంటమ్మాయ్?"

"చంక కింద ఆంటీ, వెనక్కి. చెయ్యి ఎత్తినా కనబడదు. అతుకు వేయకపోతే మీ ఆది జాకెట్టు చిరిగినచోటే ఇదీ చిరుగుతుంది."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అది చిరిగిందని నీకెలా తెలుసు?" అన్నారు. తిరగేసి చూశానన్నాను. "సరే, నీ ఇష్టం" అన్నారు.

ఈ "నీ ఇష్టం" అనే మాటంటే నాకు చచ్చేంత భయం. ఎవరన్నా ఆ మాట అంటే, తర్వాత ఏం జరిగినా నీదే పూచీ అని సంతకం పెట్టించుకున్నట్టే వినిపించేది. ఈ రోజు కూడా అలాగే వినిపించింది. కాకపోతే, పూచీ నాది కాక ఇంకెవరిది అనిపించింది. కూలి తీసుకునేది నేనే కదా.

మధ్యాహ్నం కరెంటు పోయి గంటసేపు తొక్కుడు మిషను మీద కుట్టాను. జరీ మీద నేరుగా ఇస్త్రీ పెట్టె పెట్టకుండా పైన తడిపిన గుడ్డ వేసుకుని, వేడి తగ్గించి అణిచాను. అతుకు దగ్గర లైనింగ్‌ని అతకకుండా ఒకటే ముక్కగా కోశాను, బరువంతా దాని మీద పడుతుంది కాబట్టి పైబట్ట లాగదు. ఇది మాస్టారు నేర్పలేదు, ఎక్కడా చూడలేదు, చేస్తుంటే తట్టింది. ఇలాంటివి నాకు ఎప్పటినుంచో తడుతున్నాయి, రాసిపెట్టుకోలేదంతే. కొలతల పుస్తకంలో ఆంటీగారి పేజీలో కొలతల కింద రాసుకున్నాను, "కుడిచెయ్యి ఎత్తేముందు లాక్కుంటారు, చంకలో అతుకు, లైనింగ్ ఒకటే ముక్క." ఇక మీదట ప్రతి పేజీలో అంకెల కింద నేను చూసిందీ రాద్దామనుకుంటున్నాను. మళ్లీ అనుమానం ఎలాగూ వస్తుంది, వచ్చినప్పుడు వాట్సాప్ తెరిచే బదులు ఆ పేజీ తెరవచ్చు.

సాయంత్రం మా ఆయన టీ తెచ్చిచ్చి, "మాస్టారికి ఒకసారి చూపించకపోయావా" అన్నారు. నేను అలవాటు చేసిందే. "కోసేశానండీ" అన్నాను. చేతులు రెండూ కలిపి చూసి "అతుకెక్కడ?" అని అడిగారు. చూపిస్తే గానీ కనిపెట్టలేదు, కానీ ఆయన సాక్ష్యం పెద్ద లెక్కలోకి రాదులెండి, ఇంట్లో గోడ రంగు మారిస్తే మూడు రోజులకి గమనించారు.

ఏడింటికి ఆంటీ ట్రయల్‌కి వచ్చారు. తొడుక్కున్నారు. రెండు చేతులూ పైకెత్తారు, ముందు కిందికి లాక్కోలేదు. అద్దంలో అటూ ఇటూ తిరిగి, అంచులు సమంగా వచ్చాయో లేదో చూసుకుని, అతుకు మాట ఎత్తకుండా, "వెనక మెడ ఇంకో అంగుళం దింపు, పెళ్లి కదా" అన్నారు.

"దింపకూడదు ఆంటీ. మీ భుజాలు వాలుగా ఉంటాయి, ఇంకా దింపితే జారుతుంది, రోజంతా సర్దుకుంటూనే ఉండాలి."

"వెనక కట్టుకునే దోరీ పెట్టు, ఆగుతుంది."

"దోరీ పెడతాను, కానీ మెడ ఇంతే."

నోటమ్మట ఎలా వచ్చిందో వచ్చేసింది. చిన్నది కాజా ఆపేసి నావైపు చూసింది. ఆంటీ మూతి ముడిచారు. మా పెద్దమ్మాయి పెళ్లికి వేరే టైలరు ఎంత చెబితే అంత చేశాడు తెలుసా అన్నారు. ఆ జాకెట్టు ఇప్పుడు తొడుక్కుంటున్నారా అని అడగబోయి ఊరుకున్నాను, కస్టమరు కస్టమరే. రెండు నిమిషాలు అద్దం ముందు భుజాలు ఎగరేసి దింపి చూసుకుని, "సర్లే, ఉండనీ" అన్నారు.

హుక్కులు, దోరీ చివర వేలాడే లట్కన్లు మిగిలాయి, రేపు మధ్యాహ్నానికి ఇచ్చేస్తాను. ఆంటీ వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, అతుకు పడింది కదా, కూలి ఒక వంద తగ్గించు అన్నారు. అతుక్కి ఎక్కువ పని పట్టిందండీ, నిజానికి పెంచాలి అన్నాను. అరగంట బేరం. చివరికి యాభై తగ్గించాను, దోరీ లట్కన్లు ఆవిడే తెచ్చుకునే షరతు మీద.