తిబిలిసీ మేయర్ ఎన్నిక: అసలు పని రాత్రి ఎనిమిది తర్వాతే

జార్జియాలో మేయర్‌ను జనమే నేరుగా ఎన్నుకుంటారు. మన కార్పొరేషన్లలో ఆ పని కార్పొరేటర్లది. అక్కడ 50 శాతం దాటితేనే గెలుపు, లేదంటే మొదటి ఇద్దరి మధ్య రెండో రౌండ్. 2021 అక్టోబర్ 2న రాజధాని తిబిలిసీలో పాలక పార్టీ అభ్యర్థి కాఖా కలాద్జెకి 45 శాతం పైచిలుకే వచ్చాయి. ఏసీ మిలాన్‌కు ఆడిన పాత ఫుట్‌బాల్ ఆటగాడాయన. దాంతో అక్టోబర్ 30న ప్రతిపక్ష అభ్యర్థి నికా మెలియాతో మళ్లీ పోటీ. నేను పరిశీలకుల కార్డుతో తిరిగింది ఈ ఎన్నికల్లోనే.

అప్పుడు బూత్‌లు ఎక్కువగా బడుల్లోనే. గుమ్మం దగ్గరే ఒకరు ఓటరు వేలి మీద అతినీలలోహిత దీపం వేసి చూసేవారు. వేలికి పూసేది కంటికి కనబడని సిరా, ఆ వెలుగులోనే మెరుస్తుంది. దీపం సరిగా వేసి చూడకపోతే సిరా పూసీ లాభం లేదు. అందుకే నేను ఎక్కువసేపు గుమ్మం దగ్గరే నిలబడేవాణ్ణి. తర్వాత గుర్తింపు కార్డు, జాబితాలో సంతకం, బ్యాలెట్. మొదటి రౌండ్‌లో మేయర్‌కు ఒకటి, సక్రెబులో అనే నగర సభకు పార్టీ జాబితాది ఒకటి, వార్డు అభ్యర్థిది ఒకటి.

పొద్దున్నే మొదటి ఓటరు వివరాలతో ఒక కంట్రోల్ కాగితం పెట్టెలో వేసేవారు, దాని జోడు ప్రతి బయట దాచేవారు. రాత్రి పెట్టె తెరిచాక రెండూ కలవాలి.

8 గంటలకు తలుపులు మూశాక వరస తప్పకూడదు: ముందు జాబితాల్లో సంతకాలు లెక్కపెట్టాలి, మిగిలిన బ్యాలెట్లను రద్దు చేయాలి, ఆ తర్వాతే పెట్టె తెరవాలి. ఈ వరస తారుమారైతే, సంతకాలకూ బ్యాలెట్లకూ తేడా వచ్చినప్పుడు అది ఎక్కడ పుట్టిందో ఎవరూ చెప్పలేరు. పగలంతా కూర్చుని అలిసిన బూత్ కమిషన్ సభ్యులు ప్రొటోకాల్ (బూత్ ఫలితాల పత్రం) నింపేటప్పుడు కూడికలో తప్పుతారు, అంకెలు దిద్దుతారు. ఫిర్యాదులకు పెద్ద మూలం ఆ దిద్దుబాట్లే. కాబట్టి గోడకు అంటించిన ప్రొటోకాల్‌ను ఫోటో తీసుకుని, నకలు చేతికి వచ్చేదాకా కదలకూడదు. ఆ ఏడాది నుంచి ప్రతి ఎన్నికల జిల్లాలో లాటరీ తీసి 5 బూత్‌లు తిరిగి లెక్కించే పద్ధతి వచ్చింది. నాకు నచ్చిన మార్పు అది.

బూత్ బయట ఎవరు వచ్చారో రాసుకుంటూ నిలబడే పార్టీ మనుషుల్ని మాత్రం ఏ ప్రొటోకాలూ పట్టదు. ఓటరు మీద ఒత్తిడి అక్కడే.

రెండో రౌండ్‌లో కలాద్జె 55 శాతం దాటి గెలిచారు. 64 మునిసిపాలిటీల్లో ప్రతిపక్షానికి దక్కిన మేయర్ పదవి త్సలెంజిఖా ఒక్కటే.