అష్టమి నీళ్ళు, నీళ్ళ సీసా

పొద్దున క్యాలెండర్ చూస్తే అష్టమి. అమావాస్యకో పౌర్ణమికో అయితే ఇక్కడ పోటు ఎనిమిది, తొమ్మిది మధ్య నిండుతుంది. రోజుకు ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి, ఈరోజు మధ్యాహ్నం రెండు దాటాకే.

రొయ్యల గుంటలకు నీళ్ళు నిలవ ఉంచుకునే రిజర్వాయర్ గుంటలోకి ఏటి నుంచి నీళ్ళు ఎత్తాలి. పోయిన వారం యాప్‌లో పోటు మొదలయ్యే టైము చూసి ఇంజను వేసి దెబ్బతిన్నాను. యాప్‌లో ఉండేది కృష్ణపట్నం మొగ దగ్గరి, అంటే ఏరు సముద్రంలో కలిసేచోటి టైము. మా గుంటలు కండలేరు ఏటి వెంట ఇంకా లోపలికి ఉంటాయి. అక్కడ సముద్రం మళ్ళుకున్నా, ఇక్కడ ఏరు ఇంకా కిందికే పోతా ఉంటుంది. పై గుంటలవాళ్ళు వదిలిన మురికి నీళ్ళన్నీ నా పైపులోకే వచ్చాయి. ఎంత బ్లీచింగ్ కొట్టినా ఆ రాత్రంతా ఒకటే టెన్షన్.

అందుకే ఈరోజు నీళ్ళు ఎప్పుడు మళ్ళుతాయో, ఎంత జోరుగా పోతాయో చూద్దామని, వలల మావ ఫైబర్ పడవలో పన్నెండు గంటలకు ఏటి మధ్యకు పోయాం. లంగరు వేశాడు. పడవ ముక్కు సముద్రం వైపు తిరిగి నిలబడింది. పోటు నీళ్ళు ముక్కు దగ్గర చీలి, రెండు పక్కలా సన్నగా జారిపోతా ఉన్నాయి.

ముందు ఫోన్ తీశాను. స్పీడు సున్నా. మావ తొంగిచూసి, "కట్టేసిన ఎద్దు ఎంత దూరం నడిచిందని అడగతా ఉండావా అబ్బయ్యా?" అన్నాడు. నిజమే, పడవ కదలకపోతే ఫోన్‌కు ఏం తెలుస్తుంది? కదిలేది నీళ్ళు కదా. లంగరు ఎత్తి కాసేపు పడవను వదిలేస్తే గంటకు 1.6 కిలోమీటర్లు చూపించింది. కానీ అప్పటికే తూర్పు గాలి తిరిగింది. గాలి తోసిందెంతో, నీళ్ళు లాగిందెంతో అందులో విడదీసేదెట్లా? మళ్ళీ లంగరు వేశాం.

ఇక పాత పద్ధతే. ముక్కు దగ్గర తేలేది ఒకటి వేసి, అది వెనక చివరకు ఎన్ని సెకన్లలో వస్తుందో చూడటం. గడియారాలూ మీటర్లూ సరిగా లేని రోజుల్లో ఓడలవాళ్ళు చెక్క ముక్కలతో చేసిన పనే ఇది. మా పడవ 24 అడుగులు, టేపుతో కొలిచాను. ఖాళీ వాటర్ బాటిల్‌కు వల దారం కట్టి వేస్తే 17 సెకన్లకే వచ్చేసింది. నాకు సంతోషం. మావకు కాదు. "అది నీళ్ళతో రాలా, గాలితో వచ్చింది. నీళ్ళు పొయ్యి దాంట్లో." మెడ దాకా నీళ్ళు నింపి మూత బిగించాను. ఈసారి మూత ఒక్కటే పైకి కనపడతా మునిగి తేలింది. గాలికి పట్టు దొరకలేదు. 22, 26, 24 సెకన్లు. పడవ తాడు మీద కొంచెం అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి ఆ మాత్రం తేడా ఉంటుంది. పడవకు ఆనుకుని వేస్తే నీళ్ళు అక్కడ చెదురుతాయని, ఒక బార దూరంగా వేశాం.

సగటున 24 సెకన్లు, 24 అడుగులు. సెకనుకు ఒక అడుగు! ఇంత నున్నటి లెక్క వస్తే నాకే అనుమానం వచ్చి ఇంకోసారి వేశాను, 25. సెకనుకు అడుగు అంటే గంటకు 1.1 కిలోమీటరు, ఓడలవాళ్ళ లెక్కలో 0.6 నాట్. (సెకనుకు ఎన్ని అడుగులో దాన్ని 0.6తో గుణిస్తే నాట్లు వస్తాయి, గుర్తుపెట్టుకోవడానికి బాగుంది.)

ఆ తర్వాత చాలాసేపు పనేమీ లేదు. మావ చద్దిమూట విప్పాడు. మాగాయ ముక్క నాకూ పెట్టాడు. పక్కనే పాత గుంజ ఒకటి ఉంది, దాని మీద తడి గీత చూస్తా కూర్చున్నాను. 2:40కి గీత దగ్గర నీళ్ళు ఆగినట్టే అనిపించింది. 3:05కి గుంజ మీద తడి రెండు వేళ్ళు పైకి మిగిలింది, అంటే నీళ్ళు దిగడం మొదలైంది. అయినా బాటిల్ వేస్తే ఇంకా లోపలికే పోతా ఉంది! మెల్లగా, కానీ లోపలికే. "నిండినంత మాత్రాన నిలబడతాయా, ఊపు తీరద్దూ?" అన్నాడు మావ. 3:20కి బాటిల్ వేసినచోటే నిలిచింది. పడవ ముక్కు మాత్రం గాలికి ఎదురుగా అట్లనే ఉంది, నీళ్ళ మాట ఇక దానికి పట్టనట్టు. పడవను చూసి మళ్ళిందా లేదా చెప్పలేమని అప్పుడు అర్థమైంది.

సెలైనిటీ (నీళ్ళలో ఉప్పు శాతం, వెయ్యికి ఎంతని) చూస్తే పన్నెండింటికి 24 ఉన్నది, మూడున్నరకు 29కి వచ్చింది. నాకు కావలసిన నీళ్ళు అవి. ఇన్నాళ్ళూ పోటు నిండగానే ఇంజను ఆపేసేవాణ్ణి, పాటుకు సముద్రం వైపు దిగే నీళ్ళతో మురికి కూడా వచ్చేస్తుందని. పై గుంటల తూము మాకు కిలోమీటరున్నర దూరం. గంటకు 1.1 కిలోమీటరు జోరుతో వచ్చినా గంటా ఇరవై నిమిషాలు పడుతుంది, మళ్ళిన కొత్తలో ఆ జోరు కూడా ఉండదు. నాలుగున్నర దాకా ధైర్యంగా ఎత్తాను. డీజిల్ అయిపోయింది కానీ నీళ్ళు బాగున్నాయి.

ఇది అష్టమి లెక్క. పౌర్ణమికి నీళ్ళు ఇంకా జోరుగా ఉంటాయి, ఇంత టైము దొరకదు. ఆ రోజు మళ్ళీ పోవాలి. బాటిల్ మావ దగ్గరే ఉంది, దారానికి మీటరుకో ముడి వేసి పెడతానన్నాడు.