కాళ్ళు వద్దు నాన్నా

నాన్నా నేనూ ఒకరినొకరు తాకేది ఏడాదికి రెండు మూడుసార్లే. సంక్రాంతికో ఉగాదికో వంగి కాళ్ళకు దణ్ణం పెడతాను, ఆయన నా తల మీద చెయ్యి వేసి తీసేస్తారు. అంతే. పెద్దల ఎదుట సొంత బిడ్డను ఎత్తుకోవడానికి కూడా మొహమాటపడే కాలం ఆయనది. నేనేమో నా కూతురు స్కూలు బస్సు దిగగానే చంకనెత్తుకుంటాను. ఊరి నుంచి వచ్చినప్పుడు అది చూసి నాన్న పేపరులో తల దూర్చేసేవారు.

పోయినేడాది వర్షాకాలంలో నాకు విరేచనాలు పట్టుకుని నాలుగు రోజులకు తగ్గాయి. రెండు వారాల తర్వాత అరికాళ్ళలో తిమ్మిర్లు. మర్నాడు మెట్లెక్కలేకపోయాను, ఆ మర్నాడు మంచం దిగలేకపోయాను. గులియన్ బారే సిండ్రోమ్ అన్నారు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే నరాల మీద పడుతుందట. దాన్ని అదుపు చేయడానికి 5 రోజులు ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు ఎక్కించారు. ఊపిరి కండరాలకు పాకుతుందేమోనని డాక్టరుగారు ఒక్క గుక్కలో అంకెలు లెక్కపెట్టించేవారు. నేను 18 దగ్గర ఆగిపోతే, మూలన కూర్చున్న నాన్న పెదాలు 19, 20 అని కదిలేవి. అదృష్టం, వెంటిలేటరు దాకా పోలేదు.

ఇంటికొచ్చాక చీలమండలు, వేళ్ళు ఎలా వంచాలో ఫిజియోథెరపిస్టు నా భార్యకు చూపిస్తుంటే నాన్న ముందుకొచ్చి "నాకు చెప్పండి" అన్నారు. కోడలు ఆఫీసుకు వెళ్ళాలి కదా అని పైకి చెప్పిన కారణం.

మొదటి రోజు నా పాదం తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

"కాళ్ళు వద్దు నాన్నా."

"ఊరుకోరా" అన్నారు, తలెత్తకుండా. ఎద్దు గిట్ట పట్టి చూసే రైతు పట్టు అది. గట్టిగానే ఉంటుంది, నొప్పి మాత్రం తెలియదు. పది రోజులకు ఇద్దరికీ మొహమాటం పోయింది. మాటలేమీ పెరగలేదు. వంచుతూ లెక్కపెట్టేవారు, మధ్యలో "నొప్పా?" అనేవారు.

అక్టోబరుకు వాకరు, డిసెంబరుకు చేతికర్ర. నేల మీంచి లేవడమొక్కటే మొండికేసింది. సంక్రాంతి రోజు అలవాటు కొద్దీ మోకాళ్ళ మీదికి వంగి దణ్ణం పెట్టాను గానీ లేవలేకపోయాను. నాన్న నా చంకల కింద చేతులు వేసి నిలబెట్టారు. నిలబెట్టాక కూడా వదల్లేదు.

"తాతా, నన్ను కూడా ఎత్తు" అంటూ నా కూతురు ఆయన పంచె పట్టుకు లాగుతోంది.

"ఉండమ్మా, ముందు మీ నాన్నని నిలబడనీ."