మా పాపకు గ్రోత్ హార్మోన్ టెస్టులు, ఇంజెక్షన్లు – నా అనుభవం

పాప ఎదుగుతలేదని మాకు మొదలు డౌట్ వచ్చింది బట్టల కాడ. బతుకమ్మకు కుట్టిచ్చిన లంగా మళ్లొచ్చిన బతుకమ్మకు సరిపోయింది, ఆ పై ఏడు కూడ సరిపోయింది, నడుము కాడ జర టైట్ అయింది అంతే. మా అత్తమ్మకైతే సంబురం, పైసలు మిగిలినయని. పాపకు అప్పటికి ఎనిమిదేండ్లు నిండినయి, చూసినోళ్లేమో యూకేజీనా అని అడిగేటోళ్లు. గుండ్రటి ముఖం, బొద్దు బుగ్గలు, కొంచెం పొట్ట, చదువుల ముందుంటది, ఉరుకుడు ఆడుడు అన్నీ మామూలే, అందుకే ఎవ్వరికీ ఇది రోగమనిపియ్యలే.

ఇంట్ల తలా ఒక మాట. "ఆడపిల్లనే కదనే, నువ్వేమన్న పొడుగున్నవా" అని అత్తమ్మ. మా అమ్మగారిది మునుగోడు దిక్కు, ఆడ ఎవరికి ఏ బొక్క నొచ్చినా ముందు నీళ్లనే తిడతరు, తిట్టకేం చేస్తరు, ఫ్లోరైడ్ తోని వంకర పోయిన కాళ్లు కండ్ల ముంగట చూసినోళ్లు. మా అన్న అయితే "చిన్నప్పుడు మా ఇంట్ల బోరు నీళ్లు తాగింది గందుకే" అని తేల్చేసిండు. టౌన్ల ఒక కాడ చూపిస్తే కాల్షియం సిరప్పు రాసిచ్చిండ్రు, ఇంకో కాడ పాలల్ల కలిపే పౌడర్ డబ్బ. ఆ డబ్బల మీద పొడుగు పిల్లల బొమ్మలేస్తరు చూడుండ్రి, అది చూస్తే ఇప్పటికీ నాకు మండుతది. తిండి తక్కువై ఎదగని పిల్లలకు తిండి పెడితే ఎదుగుతరు, హార్మోన్ లేని పిల్లకు డబ్బలు డబ్బలు తాపినా బొక్క పెరగదు.

అసలు సంగతి పట్టుకున్నది ఒక పిల్లల డాక్టరు. ఆయన మందు రాయలే, పాత లెక్కలు తెమ్మన్నడు. టీకాల కార్డు, స్కూల్ హెల్త్ కార్డు, ఏది దొరికితే అది తీస్కపోయినం. ఆయన గ్రోత్ చార్ట్ మీద, అంటే ఏ వయసుకు ఎంత ఎత్తుండాల్నో గీతలు గీసిన కాయితం మీద, చుక్కలు పెట్టుకుంట పోతే గీత కిందికి జారుకుంట వచ్చింది. పాప 105 సెంటీమీటర్లు, ఆ చార్టుల అన్నిటికన్న కింది గీతకు కూడ అందలే. దానికన్న పెద్ద ముచ్చట, అంతకుముందు ఏడాది మొత్తంల పెరిగింది 3 సెంటీమీటర్లే. నాలుగేండ్లు దాటినంక పెద్దమనిషయ్యే ముందు దాక ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరగాలంట. మా ఇద్దరి ఎత్తులు కూడ కొలిచిండు, తండ్రి ఎత్తుల 13 తీసేసి తల్లి ఎత్తు కలిపి సగం చేస్తే ఆడపిల్లకు రావాల్సిన ఎత్తు అందాజగ వస్తదంట, మగపిల్లలకైతే 13 కలుపుతరు. మా ఆయన 166, నేను 152, అంటే పాప ఇంచుమించు నా అంత కావాలె. నేను పొట్టినే గని ఇది గా పొట్టి గాదని అప్పుడర్థమైంది, అత్తమ్మకు కూడ గదే లెక్క రాసి చూపించిన.

ఆడికెళ్లి హైదరాబాద్ల ఎండోక్రైనాలజీ మేడం, అంటే హార్మోన్ల డాక్టరు, దగ్గరికి. నల్లగొండల బస్సెక్కితే నార్కట్‌పల్లి, చౌటుప్పల్, ఎల్బీ నగర్, ఆ రోడ్డు మాకు ఇల్లూ వాకిలీ అయిపోయింది. చౌటుప్పల్ల మిషన్ భగీరథ తాగునీళ్ల పథకం పైలాన్ కనిపించినప్పుడల్ల మా అన్న మాటే యాదికొచ్చేది, అందుకే మేడంను మొదలు అడిగింది గదే, ఫ్లోరైడా అని. మేడం పాప పండ్లు చూసింది, మచ్చల్లేవు, కాళ్లు సక్కగున్నయి, ఎక్స్‌రేల బొక్కలు మంచిగున్నయి, ఫ్లోరోసిస్ గిట్లుండదు అన్నది.

ఆ ఎక్స్‌రే ఎడమ చెయ్యి మణికట్టుది. బొక్క వయసు చూస్తరంట, మా పాపది అయిదున్నర చిల్లర వచ్చింది. నాకు గుండె జారింది. మేడం మాత్రం అది మనకు మంచిదే అన్నది, ఎందుకంటే పొడుగు బొక్కల చివర్ల మెత్తటి పొర ఉంటది, గ్రోత్ ప్లేట్ అంటరు, అండ్ల కణాలు పెరిగి పెరిగి గట్టి బొక్కగ మారుతుంటేనే మనిషి పొడుగైతడు, పిల్ల పెద్దమనిషి అయినంక ఈస్ట్రోజన్ వల్ల ఆ పొర మెల్లమెల్లగ మూసుకపోతది, ఇగ ఏ ఇంజెక్షన్ ఇచ్చినా ఇంచు పెరగదు. బొక్క వయసు తక్కువుందంటే ఇంకా టైం ఉన్నట్టు. పదమూడేండ్లకు, పద్నాలుగేండ్లకు వచ్చే తల్లిదండ్రులను చూస్తే బాధైతదన్నది.

హార్మోన్ టెస్ట్ అంటే ఒక్క సూదితోని అయిపోతది అనుకుంటరు. కాదు. మెదడు కింద శనగ గింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటది, అది గ్రోత్ హార్మోన్‌ను ఊకె వదలదు, విడతలు విడతలుగ వదుల్తది, ఎక్కువ భాగం రాత్రి గాఢనిద్రల. పగటీలి రక్తం తీస్తే మంచిగున్న పిల్లకు కూడ తక్కువ రావొచ్చు. అందుకని మందిచ్చి గ్రంథిని కదిలిచ్చి చూడాలె. దానికి ముందు థైరాయిడ్, కార్టిసాల్ అనే ఇంకో హార్మోన్, సీలియాక్ అంటే గోధుమలు పడని పేగుల జబ్బు, ఐజీఎఫ్-1, ఇంకా ఆడపిల్ల కాబట్టి క్రోమోజోముల టెస్ట్, టర్నర్ సిండ్రోమ్, అంటే ఒక ఎక్స్ క్రోమోజోము తక్కువుండుడు, ఉందేమోనని. ఈ ఐజీఎఫ్-1 అంటే గ్రోత్ హార్మోన్ చెప్తే ముఖ్యంగ లివర్ తయారుచేసే ఇంకో హార్మోన్, పెరుగుదల పని చానా వరకు దీంతోనే నడుస్తది. అది మా పాపకు తక్కువొచ్చింది, మిగిలినయన్ని నార్మల్.

టెస్ట్ రోజు పరగడుపున పోవాలె. మాటిమాటికి పొడవకుండ చేతి నరానికి క్యాన్యులా గొట్టం పెట్టిండ్రు, క్లోనిడిన్ గోలీ ఏసి అర్ధగంటకోసారి రక్తం తీసిండ్రు. ఆ గోలీకి బీపీ తగ్గి నిద్రొస్తది, పాప మత్తుగ పడుకున్నది, నయమే అనుకున్నం. రెండోది గ్లూకగాన్ ఇంజెక్షన్ తోని, అది మాత్రం నరకం, కడుపుల తిప్పి వాంతులు చేసుకున్నది, అప్పటికే ఆకలి, మా ఆయన వరండల నిలబడలేక కిందికి పోయిండు. సిస్టర్ ఒకామె "ఏడ్వకు బిడ్డా, అయిపోతే ఇడ్లీ తిందువు" అనుకుంట తల నిమిరింది, ఆమె పుణ్యాన గట్టెక్కినం. ఒక్క టెస్టును నమ్మరు, రెండిట్ల తక్కువ రావాలె. మా దగ్గర మిల్లీలీటరు రక్తంల హార్మోన్ 10 నానోగ్రాములు దాటితే నార్మల్ అన్నరు, కొన్ని కాడ 7 అంటరంట, పాపకు రెండుసార్లు 5 లోపే.

ఇగ మెదడుకు ఎంఆర్ఐ స్కాన్ అంటే మాత్రం నాకు చేతులు చల్లబడ్డయి. ఆ గ్రంథి కాడ గడ్డ ఉన్నా గిట్లనే ఎదుగుదల ఆగుతదంట. గడ్డ లేదు, గ్రంథే కొంచెం చిన్నగున్నది అన్నరు.

ఇగ ఇంజెక్షన్. రోజూ రాత్రి పండే ముందు, పెన్ను లెక్క ఉంటది, చర్మం కింద, ఒకరోజు తొడ, ఒకరోజు పొట్ట, ఒకరోజు పిర్ర, ఒక్క కాడనే ఇస్తే అక్కడ గుంట పడుతది. డోసు బరువును బట్టి, 16 కిలోల పిల్లకు రోజుకు అర మిల్లీగ్రాము. పిల్ల బరువు పెరిగితే డోసు, డోసు పెరిగితే ఖర్చు, మా ఇంటి నెల లెక్కంతా దాని చుట్టే తిరుగుతది, నా గాజులు గూడ పోయినయి, అబద్ధమెందుకు. మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్యల ఉండాలె, గడ్డ కడితే పనికిరాదు, ఊపొద్దు. ఎండాకాలం కరెంటు పోయినప్పుడల్ల ఫ్రిజ్ డోర్ ఎవ్వరు తెరిచినా నాతోని తిట్లే. పెండ్లికి పోయినా జాతరకు పోయినా ఐస్ బాక్స్ మా సంకనే.

ఈ హార్మోన్ సంగతి విని భయపెట్టినోళ్లు కూడ ఉన్నరు, శవాల మెదడు నుంచి తీస్తరని. ఒకప్పుడు నిజమే, దాంతోని కొందరికి మెదడు జబ్బొచ్చింది, 1985ల చానా దేశాలు ఆపేసినయి, అప్పటిసంది ల్యాబుల తయారుచేసేదే వాడుతున్నరు. కండల కోసం జిమ్ములల్ల పొడిపించుకునే పోరగాళ్ల ముచ్చట వేరే, వాళ్లను చూసి మా పాప మందును స్టెరాయిడ్ అనకుండ్రి, ఇది స్టెరాయిడే గాదు.

మేడం మాకు గట్టిగ చెప్పినయి తలనొప్పి, చూపు మసక, కుంటుడు, తుంటి నొప్పి, మోకాలు నొప్పి. బొక్క జల్ది పెరిగేటప్పుడు తుంటి కాడ గ్రోత్ ప్లేట్ జారే ప్రమాదం ఉంటది, ఆ నొప్పి మోకాల్ల తెలుస్తదంట. ఒకసారి పాప కుంటితే ఆ రాత్రే ఫోన్ చేసినం, పొద్దుగాల ఎక్స్‌రే తీస్తే ఏం లేదు, స్కూల్ల ఖోఖో ఆడి బెణికింది. వెన్నెముక, షుగర్, థైరాయిడ్ కూడ ఎప్పటికప్పుడు చూస్తున్నరు.

మొదటి ఏడాదిల 9 సెంటీమీటర్లు పెరిగింది. అంతకన్న ముందు కనపడ్డది ఆకలి, ఒక్క రొట్టె తినేది ఇప్పుడు రెండు అడుగుతది, బుగ్గలు, పొట్ట కరిగినయి, అత్తమ్మ "పిల్ల చిక్కింది" అని గునిసింది. కొవ్వును కరిగిచ్చుడు కూడ ఆ హార్మోన్ పనేనంట. రెండో ఏడు గంత స్పీడ్ ఉండదని ముందే చెప్పిండ్రు, లేకపోతే మందు పనిచేస్తలేదని పరేషాన్ అయితుంటిమి.

ఎంతకాలం అంటే, ఏడాదికి 2 సెంటీమీటర్లు కూడ పెరగని రోజు దాక, లేదంటే బొక్క వయసు పద్నాలుగు దాక. అప్పుడు మందు ఆపి మళ్ల టెస్ట్ చేస్తరు, కొందరు పిల్లలకు పెద్దయినంక హార్మోన్ మామూలుగనే వస్తదంట. ఆ మాట విన్నకాడికెళ్లి మా పిల్ల "గా వాంతుల టెస్ట్ అయితే నేను రాను" అని ఇప్పటిసందే మూతి ముడుస్తున్నది.